మగ్గం గుంతలోంచి గరిక మీదికి

పోయిన నెల కోరుట్లలో మా చెల్లె విజయ ఇంటికి వెళ్ళాను. మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం దిగలేకపోతున్న చెల్లెను చూడటానికని వెళ్ళి, రెండు రోజులూ ఆమె మనుమరాలి వెంటే తిరిగాను. పిల్ల పేరు శ్రీజ, ఆరో తరగతి. వాళ్ళ హాల్లో టీవీ కింద ఒక ప్లాస్టిక్ గూడు, అందులో రెండు గినీ పందులు. కరీంనగర్‌లో కొన్నారట. పిడికెడంత ఉన్నప్పుడు తెచ్చారు, ఇప్పుడు ఒక్కొక్కటి చిన్న సొరకాయంత ఉంది. సంచుల్లో దొరికే మేత, సీసాలోంచి చుక్కచుక్కగా దిగే నీళ్ళు, పడుకోవడానికి మెత్తని గుడ్డలు, అన్నీ అమర్చారు. కానీ అవి పుట్టి ఇన్ని నెలలైనా గడ్డి మీద కాలు పెట్టలేదు. కాలనీ మధ్యలో మిషన్‌తో సమంగా కోసిన పచ్చటి పార్కు ఉంది. ఆ సాయంత్రం వాటిని అక్కడ వదులుదామని శ్రీజ పెట్టె చంకన పెట్టుకుని, "పెద్దమ్మమ్మా, నువ్వు గూడ రా" అంది. చెప్పులు వేసుకుంటూ, ఆలోచించకుండానే అనేశాను: "ఒక్కపారే ఇడ్శిపెట్టకు బిడ్డా. ముందుగాల ఎండుగడ్డితోని కడుపు నింపు. పచ్చది పిరికెడే పెట్టు. మేక మెయ్యని తావుకు తీస్కపోకు." మంచం మీదినుంచి విజయ నవ్వింది. "అక్కా, గది పోశవ్వ మాటనే గదనే. గొంతు గూడ గామెదే."

అవును, గొంతు కూడా ఆమెదే. ఉద్యోగమంతా పత్రికల్లో గడిపాను. ఎందరి పేర్లో రాశాను, ఎందరి పేర్లో దిద్దాను. పోశవ్వ పేరు మాత్రం నా చేతి మీదుగా ఎన్నడూ అచ్చుకు వెళ్ళలేదు. ఆమె ఏం చేసిందో ఇన్నేళ్ళకైనా రాసి పెట్టాలనిపించింది.

మేమప్పుడు సిరిసిల్లలో అమ్మమ్మ ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న సాంచాల మీద పని చేసేవాడు. కరెంటుతో నడిచే మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. వాడంతా పొద్దంతా టకటకమంటూ ఉండేది. ఆ చప్పుడు ఆగితేనే పిల్లలం ఉలిక్కిపడి లేచేవాళ్ళం. తాత చేతిమగ్గం నేసేవాడు. ఆయన పోయాక మగ్గం విప్పి కర్రలు అటక మీద వేశారు. నేసే మనిషి కాళ్ళు దించుకుని కూర్చునే గుంత మాత్రం ముందటి అర్రలో అలాగే ఉండిపోయింది. పూడ్చేద్దామని నాన్న అన్నప్పుడల్లా అమ్మమ్మ, "ఉండనియ్యి, అదేమన్న అన్నమడుగుతుందా" అనేది. ఆ అర్రలో నూలు వాసన, పాత గంజి వాసన, తునికాకు వాసన కలిసి ఉండేవి. గుంత ఒడ్డున గోడకు ఆనుకుని, ఒడిలో చాట పెట్టుకుని, అమ్మమ్మ బీడీలు చుట్టేది. ఇంట్లో గడియారం ఉండేది కానీ అది నాన్న పని వేళల కోసం. అమ్మమ్మ కాలాన్ని బీడీలతోనే కొలిచేది. నలభై బీడీలంత సేపు అన్నం ఉడకాలి, రెండు వందల బీడీలంత సేపు పిల్లలు మధ్యాహ్నం పడుకోవాలి. మాకు ఆ లెక్క గడియారం కన్నా బాగా తెలిసేది.

రాజేశం మామ అమ్మమ్మకు ఒక్కడే కొడుకు. జగిత్యాలలో ఒక కాలేజీ ల్యాబులో అటెండరు. సన్నటి మనిషి, పది మాటలకు ఒక మాట చెప్పేవాడు. వేసవి సెలవులకు కాలేజీ మూశారు. ల్యాబులో మిగిలిన మూడు గినీ పందులకు మేత వేసే దిక్కు లేదని, చెక్కపెట్టెకు రంధ్రాలు చేసి, వాటిని అందులో పెట్టుకుని బస్సులో సిరిసిల్లకు వచ్చాడు. మూడూ ఆడవే. ఒకటి తెల్లది, ఒకటి నల్లది, ఒకటి గోధుమ రంగుది.

"ఏందిరా గవి?" అంది అమ్మమ్మ.

"గినీ పందులే అమ్మా."

"పందులా? ఇంట్లకు పందులను తెచ్చినవా?"

"పందులు గావే. ఎలుక జాతి."

ఆ మాట మొదటిదాని కన్నా పెద్ద తప్పు. నేతపని ఇంట్లో ఎలుక కన్నా పెద్ద శత్రువు లేదు. నెల కష్టం పడుగు మీద ఉంటే దాన్ని ఒక్క పూటలో కొరికి పోగులు చేసి పోతుంది. అమ్మమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "పందులంటవు, కాదంటవు, ఎలుకలంటవు. సక్కదనపు పేరు ఒక్కటన్న లేదారా వీటికి?" అంటే, మా అమ్మ నవ్వు ఆపుకుంటూ, "చెవులపిల్లులనుకోయే" అంది. కుందేలును మేం చెవులపిల్లి అంటాం. అమ్మమ్మ పెట్టెలోకి వంగి చూసి, "మరి చెవులేయి?" అంది. అయినా ఇంట్లో ఆ పేరే ఖాయమైంది.

ఎండలకు అవి తట్టుకోలేవని మామ చెప్పాడు. ఇల్లంతా తిరిగి చూసి, చివరికి మగ్గం గుంతలో వరిగడ్డి పరిచి దింపాడు. ఎర్రటి ఎండల్లో కూడా ఆ గుంత అడుగు కుండలా చల్లగా ఉండేది. తాత కాళ్ళు పెట్టుకునే చోట మూడు మెత్తటి ముద్దలు ఒకదానికొకటి ఒరుసుకుని పడుకున్నాయి. "సెలవులైనంక తీస్కపోత. అందాక పైలం" అన్నాడు మామ.

నాలుగో రోజు పొద్దున ఆయన బావి దగ్గర పళ్ళు తోముకుంటుంటే జీపు వచ్చింది. జగిత్యాలలో మామ అద్దెకున్న గదిలో బుగ్గారం దిక్కు విద్యార్థి ఒకడు రెండు పూటలు అన్నం తిన్నాడట. ఆ పిల్లవాడు తర్వాత అడవికి పోయి అన్నల్లో, అదే నక్సలైట్లలో, కలిశాడు. "ఒక్క మాట అడిగి పంపుతం" అన్నారు జీపులో వచ్చినవాళ్ళు. ఆ రోజుల్లో ఆ ఒక్క మాట ఎంత దూరం పోతుందో మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మామ మూతి కడుక్కుని, చొక్కా తొడుక్కుని, గడప దాటుతూ వెనక్కి తిరిగి, "అమ్మా, వాటికి నీళ్ళు వెట్టు" అన్నాడు. అంతే.

నాన్న తిరగని చోటు లేదు. జగిత్యాలలో అడిగితే కరీంనగర్ అన్నారు, కరీంనగర్‌లో అడిగితే మాకు తెలియదన్నారు. అమ్మమ్మకు చదువు రాదు. వీధి చివరి చాయ హోటల్లో అందరూ చదివి పడేసిన పేపరును మధ్యాహ్నం నాతో తెప్పించేది. పెద్ద అక్షరాల వార్తలు ఆమెకు అక్కర్లేదు. ఎదురుకాల్పుల వార్త ఉంటే అందులో పేర్లు మాత్రం చదవమనేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నేను చదివేదాన్ని, ఆమె బీడీ చుడుతూ వినేది. మామ పేరు లేదని తేలాక, "పో, గాటికి నీళ్ళు వెట్టు" అనేది. నాకు వార్తలు చదవడం అలా అలవాటైంది. ఆ మూడింటికీ మామకూ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. అంటే అమ్మమ్మే కసిరేది. "వాడచ్చి నా చెవులపిల్లులేవంటె ఏం జెప్పాలె?" అని మాత్రం రోజుకొకసారి అనేది. వాటిలో ఏ ఒక్కటి మేత ముట్టకపోయినా ఆ పూట ఆమె కూడా తినేది కాదు. అవి బతికి ఉండాలి, ఆయన వచ్చేదాకా ఉండాలి. ఇంట్లో అందరికీ అది అర్థమైంది.

ఎండాకాలమంతా కాపాడింది. గుంత మీద తడిపిన గోనె కప్పేది. వరిగడ్డి, నూకలు, పలచటి గంజి పెట్టేది. మామ తెచ్చిన శనగలు ఎన్నడో అయిపోయాయి. ఆకులూ గడ్డీ రోజూ కావాలని ఆయన చెప్పలేదు, చెప్పే వ్యవధి లేకపోయింది. ఎండలు తగ్గేసరికి వాటి బొచ్చు బిరుసెక్కింది. గోధుమది వెనక కాళ్ళు ఈడ్చింది. పచ్చదనం దొరక్కపోతే వాటికి పళ్ళ చిగుళ్ళు, కీళ్ళు దెబ్బతింటాయని మొన్న శ్రీజ ఫోన్లో చూపించాక నాకు తెలిసింది. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, అవి సన్నబడుతున్నాయి.

తొలి వానలు పడ్డాయి. వాడ చివర నాలుగిళ్ళ వాళ్ళు కలిసి పడుగులు చాపే ఖాళీ జాగా ఉండేది. నూలు పోగులను ఆ కొసనుంచి ఈ కొసకు చాపి, కుంచెలతో గంజి పట్టించి ఆరబెట్టేవాళ్ళు. ఏళ్ళ తరబడి గంజి కారి కారి నేల నల్లగా మెత్తబడి, నాలుగు చినుకులు పడితే చాలు ఊళ్ళో ఎక్కడా లేనంత ఏపుగా గడ్డి లేచేది. అమ్మమ్మ లోకంలో గంజికి మించింది లేదు. జ్వరమొస్తే గంజి, బాలింతకు గంజి, నూలుకు బలం రావాలన్నా గంజే. అందుకే ఆమెకు ఆ గడ్డి కనబడింది. "గంజి తాగిన గడ్డి, దీన్ని మించిన బలం ఏడ దొరుకుతది" అంటూ మూడింటినీ పెట్టెలో తెచ్చి అక్కడ వదిలింది. కుక్కలు రాకుండా నేనూ విజయా కాపలా నిలబడ్డాం. అవి మొదట కదల్లేదు. కడుపులు నేలకు ఆనించి ముక్కులు ఆడించాయి. కాసేపటికి తెల్లది ఒక పోచ కొరికింది. ఇక మూడూ తలెత్తలేదు. చాలాసేపు మేశాయి. "తిననీ, పాపం, ఎన్నొద్దుల ఆకలో" అని అమ్మమ్మ మురిసిపోయింది. జీపు వచ్చి వెళ్ళిన తర్వాత ఆమె ముఖంలో వెలుగు చూడటం మాకు అదే మొదటిసారి.

మరునాడు తెల్లదాని కడుపు డోలులా బిగిసింది. పక్కకు ఒరిగి పళ్ళు కొరుకుతూ పడుకుంది. పొద్దెక్కేలోపు చనిపోయింది. మిగతా రెండూ మూలకు నక్కి కదల్లేదు. అమ్మమ్మ పెరట్లో గుంత తీసి దాన్ని తానే పూడ్చి, చేతులు కడుక్కుని వచ్చి వాకిట్లో కూర్చుంది. "ఒకటి పాయె" అంది. ఆ రోజు పేపరు తెమ్మనలేదు.

అప్పుడే పోశవ్వ వచ్చింది. ముస్తాబాద్ దారిలో ఒక పల్లె ఆమెది. సెంటు భూమి లేదు. పొలాల ఒడ్ల మీద, గుట్టల వాలున గడ్డి కోసి, మోపు కట్టి, తల మీద పెట్టుకుని నడిచి వచ్చి మా వాడలో బర్రెలున్న ఇళ్ళకు అమ్మేది. ఆదివారం మాత్రం వచ్చేది కాదు, చర్చికి పోయేది. చర్చిలో ఆమెకు పెట్టిన పేరు మరియమ్మ అని తర్వాత తెలిసింది. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు.

"ఏందమ్మా, గట్ల కూసున్నవు?" అంది, మోపు దించకుండానే.

అమ్మమ్మ పెరట్లో పూడ్చిన చోటు వైపు చేయి చూపింది. నేనే చెప్పాను.

"ఎన్ని దినాలాయె అవి పచ్చ ముట్టక?"

"అచ్చినకాన్నుంచి నిన్నటిదాక ముట్టలే" అన్నాను.

"అగో. ఎండు తిన్న కడుపుకు ఒక్కపారి పచ్చ దొరికితె ఉబ్బదా? తొలకరి గడ్డికి మేకలే సస్తయి, గంత మేకలు. గివెంత?" అని, గొంతు తగ్గించి, "ఏ తావుల మేపిండ్రు?" అంది. చెప్పాను. ఆమె మోపు దించింది. "మైలుతుత్తం గంజి కారే కాడనా? ఆడ నేను కొడవలే పెట్ట. మేక గూడ మూతి తిప్పుకొని పోతది."

వానకాలంలో నూలుకు బూజు పట్టకుండా గంజిలో మైలుతుత్తం కలుపుతారు. అది అమ్మమ్మకు తెలియక కాదు. తన చేతులతోనే ఎన్నిసార్లు కలిపిందో. కానీ ఆమెకు అది నూలు సంగతి. నూలుకు పెట్టింది నేలలోకి దిగి, గడ్డిలోకి ఎక్కి, ఒక నోటికి అందుతుందని తోచలేదు. తెల్లదాన్ని చంపింది తుత్తమో, ఆత్రపు మేతో నేను ఇప్పటికీ తేల్చలేను. పోశవ్వ రెండూ అంది.

అమ్మమ్మ తలెత్తింది. "మరి నాకెవలు జెప్పిండ్రే?"

"నువ్వెవలినన్న అడిగినవా అమ్మా?"

మాటకు మాట అప్పజెప్పడంలో మా వాడలో అమ్మమ్మకు సాటి లేదు. ఆ రోజు మాత్రం వాకిట్లోంచి లేచి, "ఇంక రెండున్నయి. లోపటికచ్చి సూడు" అంది.

"నేనా?"

"నువ్వే. సూస్తెగద తెలిసేది."

అన్నేళ్ళుగా పోశవ్వ మా ఇంటి ముందునుంచి పోతోంది. దాహమైతే అమ్మమ్మ చెంబు పైకెత్తి ఆమె దోసిట్లో నీళ్ళు పోసేది, చెంబు ఇచ్చేది కాదు. గడప దాటి రమ్మన్నది ఆ రోజే. పోశవ్వ కొడవలి బయట పెట్టింది, కొంగుతో కాళ్ళు తుడుచుకుంది, అర్రలోకి వచ్చి గుంత ఒడ్డున గొంతుక్కూర్చుంది. చేయి దించి గోధుమదాన్ని అరచేతిలోకి తీసుకుని, కడుపు మీద వేళ్ళు ఆనించి చూసింది. "ఇది బతుకుతది. నల్లదాని సంగతి రేపు జెప్త. రెండొద్దులు ఎండుగడ్డి, నీళ్ళు. ఇంకేం వెట్టకు. గంజి అసలే వెట్టకు."

"గంజి గూడనా?"

"గంజి నీకు, నీ నూలుకు."

అమ్మమ్మను అలా అన్నవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. అమ్మమ్మ చిన్నగా నవ్వింది కూడా.

మూడో రోజు నుంచి పోశవ్వ తన మోపులోంచి ఒక చిన్న కట్ట విడిగా తెచ్చేది. ఏ గట్టున కోసిందో చెప్పేది. ముందు రోజు మేకలు మేసి బాగున్న చోటనే కోసేది. మంచు ఆరాక కోసింది కావాలి, తడిది వద్దు. కోసిన గడ్డిని నీడకు పరిచి కొంచెం వాడనివ్వాలి, కుప్ప వేస్తే వేడెక్కి చెడుతుంది. ముందు ఎండుగడ్డి పెట్టి, అది తిన్నాక పచ్చది పిరికెడు వేయాలి. "ఎవల పిరికెడు?" అంది అమ్మమ్మ. పోశవ్వ నా చేయి పట్టుకుని ముడిచి, "గీ పిల్లది" అంది. అలా నా పిడికిలి కొలత అయింది. రెండు రోజులకు రెండు పిడికిళ్ళు, ఆ తర్వాత మూడు. పెంచే ముందు కడుపు మీద వేలు ఆనించి చూడాలి. మెత్తగా ఉంటే పెంచాలి, బిగుసుగా ఉంటే మళ్ళీ ఎండుకు దిగాలి. ఈ పాఠం చెప్పడానికి ఆమె రోజూ గుంత ఒడ్డున కాసేపు కూర్చునేది. పది రోజులు గడిచేసరికి అమ్మమ్మ ఆమెకు చాయ ఇవ్వడం మొదలుపెట్టింది, మా కప్పులోనే. నల్లది, గోధుమది తేరుకున్నాయి. గోధుమది కాళ్ళు ఈడ్చడం మానింది. వాకిట్లో గడ్డి గలగలమంటే చాలు రెండూ గుంతలో ముందు కాళ్ళెత్తి కుయ్ కుయ్‌మని ఇల్లు అదరగొట్టేవి. "నన్ను సూసి మొగడు గూడ గింత సంబురపడలే" అనేది పోశవ్వ.

ఒక రోజు చాలా ఆలస్యంగా వచ్చింది. మోపు చెదిరిపోయి ఉంది. ఆ వారం వీర్నపల్లి దిక్కు అడవిలో పోలీసులు గాలిస్తున్నారు. మోపుల్లో అన్నలకు బియ్యం పోతున్నాయని గడ్డి కోసే ఆడవాళ్ళను కూడా ఆపుతున్నారు. దారిలో ఈమె మోపు విప్పించి పోచ పోచ వెతికారు. "గడ్డిల తుపాకి ఏడికెల్లి దొరుకుతది సారూ, తేలు దొరుకుతది, పైలం అన్న. గా సారు చెయ్యి ఇట్ల యెన్కకు తీసిండు" అని చేయి చూపి నవ్వింది. ఆ గడ్డి ఎవరికని అడిగితే "చెవులపిల్లులకు" అందట. నమ్మలేదు, ఒక గంట కూర్చోబెట్టారు. ఆ మాట విని అమ్మమ్మ చుట్టే బీడీ పక్కన పెట్టింది. "రేపటి సంది రాకే. వాటికి ఇంకేమన్న జూస్త" అంది. పోశవ్వ కొంగులోంచి ఒక తడి గుడ్డ మూట తీసింది. అందులో వేళ్ళతో సహా తవ్వి తెచ్చిన గరిక. "రోజు ఆపితె రోజు ఎట్ల తెత్తు? మీ పెరట్లనే పెడ్త" అంది. బావి నీళ్ళు పారని, సబ్బు నురుగు తగలని గోడ మూలన, కొడవలి మొనతో నేల గుల్ల చేసి నాటింది. అది తీగలు సాగి నేల కప్పడానికి వానకాలమంతా పట్టింది. అందాకా ఆమె రావడం మానలేదు. రేపు రాకు అని అమ్మమ్మ రోజూ అనేది.

ఇప్పుడు శ్రీజ ఫోన్లో ఆ విషయాలన్నీ వరసగా ఉన్నాయి. మందు కొట్టిన గడ్డి వద్దు, తడి గడ్డి వద్దు, కొద్దికొద్దిగా పెంచండి, నీడ ఉండాలి, దాక్కోవడానికి చోటుండాలి. చదువుతుంటే ఒక్కటీ కొత్తగా అనిపించలేదు. పార్కు కావలివాణ్ణి అడిగితే మూడు రోజుల కింద కలుపుమందు కొట్టామన్నాడు. వెనక్కి తీసుకొచ్చేశాం. ఆ పిల్ల నష్టపోకుండానే తెలుసుకుంది, అందుకు సంతోషం. మాకు ఆ తెలివి ఒక ప్రాణం పోయాక వచ్చింది. అయితే శ్రీజకు చెప్పిన ఫోనుకు దారిలో ఎవరూ అడ్డం పడలేదు. మాకు చెప్పిన మనిషి నాలుగు మైళ్ళు నడిచి వచ్చింది, సోదాలు దాటి వచ్చింది, ఏ గడపలోకి తనను రానివ్వలేదో ఆ ఇంటి ప్రాణాల కోసం వచ్చింది. ఉద్యోగంలో చేరాక ఒక పని మీద ఆ దారిన పోతూ వాళ్ళ పల్లెలో ఆగి అడిగాను. అప్పటికే లేదన్నారు. ఆ రోజు నేను రాసిన వార్త వేరే దేని గురించో. ఆమె గురించి ఒక వాక్యం రాయవచ్చని నాకు తోచలేదు. ఆ వెలితి ఉంది. దాని కన్నా పెద్దది ఆమె వల్ల మా ఇల్లు నిలిచిందన్న కృతజ్ఞత.

తంగేడు పూసే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, మామ బస్సు దిగి నడిచి వచ్చాడు. ఎక్కడ ఉంచారో, ఎందుకు వదిలారో చెప్పలేదు. మేం అడగలేదు. చొక్కా ఆయనది కాదు. ఎలుకలకు కూడా కళ్ళు కనబడనంత చీకటి గదిలో ఉన్నాడని చాలా ఏళ్ళ తర్వాత అమ్మతో అన్నాడట. లోపలికి రాగానే గుంత దగ్గరికి పోయి వంగి చూశాడు. అమ్మమ్మ ఆయన వెనక నిలబడి, "ఒకటి పోయింది కొడుకా. నా చేతుల పోయింది" అంది. ఆయన గుంతలోకే చూస్తూ, "రెండున్నయి గదనే" అన్నాడు. అప్పుడు ఏడ్చింది అమ్మమ్మ. అన్ని నెలల్లో అదే మొదలు.

ఆ సాయంత్రం ఆమె వేటకూర తెప్పించి, వండి, ఎదురుగా కూర్చుని తినిపించింది. ఆయనకు అది ఇమడలేదు, కక్కుకున్నాడు. మరునాడు పోశవ్వ వచ్చి సంగతి విని, అర్రలోకి తొంగి చూసి, తల కొట్టుకుంది. "గిన్నొద్దులు నేర్పితి గదనే అక్కా, గిదేనా నేర్సుకున్నది? ఎండిన కడుపుకు పిరికెడు పిరికెడు పెట్టాలె. మనిషైతేంది, చెవులపిల్లైతేంది." గోడవైపు తిరిగి పడుకున్న మామ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని మాకు కాసేపటికి అర్థమైంది. ఆమె అమ్మమ్మను అక్కా అన్నదని ఎవరూ గమనించనట్టే ఉన్నాం.

తిండి కుదురుకుంది. మనిషి మాత్రం అర్ర దాటలేదు. వీధిలో సైకిల్ గంట మోగితే గోడకు అంటుకుపోయేవాడు. పెరట్లోకి కూడా వచ్చేవాడు కాదు, తలుపు తీస్తే వెలుతురుకు కళ్ళు మూసుకునేవాడు. నాన్న నాలుగడుగులు తిరిగివద్దాం రమ్మని రెక్క పట్టి లేపబోతే అమ్మమ్మ అడ్డం వచ్చింది. "జరాగు. గుంజకు" అంది. ఆ రోజు పెరటి తలుపు సగం తెరిచింది. మరునాడు ఆయన చాపను తలుపు వైపు ఒక జానెడు జరిపింది, ఇంకో రోజు ఇంకో జానెడు. గొంతు పెంచలేదు, రమ్మనలేదు. వారం దాటేసరికి చాప పెరటి గడప దాకా వచ్చింది.

గరిక అప్పటికి నేల కప్పింది. ఎండ బాగా వచ్చి మంచు ఆరాక, గోడ నీడలో, ఆ రెండింటినీ మొదటిసారి బయట వదిలాం. గద్ద తన్నుకుపోకుండా మీద కోళ్ళ గంప బోర్లించాం. దాక్కోవడానికి ఒక పగిలిన కుండ పెట్టాం. అవి కుండలోకి దూరి, ముక్కులు బయట పెట్టి, చాలాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత నల్లది ఒక్క పోచ తెంపింది. ఎందుకో ఏమో గోధుమది ఉన్నచోటనే గాలిలోకి ఎగిరి పడింది, మళ్ళీ ఎగిరింది. విజయ చప్పట్లు కొట్టబోతే అమ్మమ్మ కళ్ళతోనే ఆపింది. మామ గడపకు అవతల, లోపల చాప మీద, మోకాళ్ళు కావలించుకుని చూస్తున్నాడు. అమ్మమ్మ గడపకు ఇవతల చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

నీడ జరిగింది. ఎండ గంప అంచు దాటి లోపలికి వచ్చింది. అవి కుయ్‌మని మూలకు నక్కాయి. గంప జరుపుదామని నేను లేవబోయాను. అమ్మమ్మ నా లంగా కొసను కాలితో తొక్కి పట్టింది. "కూసో" అంది మెల్లగా. "నడుము పట్టుకున్నదిరా, లేవవస్తలేదు" అంది ఇంకొంచెం పెద్దగా, ఎవరితోనో అన్నట్టు. మామ ఆమెను చూశాడు, గంపను చూశాడు. ఎండ ఇంకో వేలెడు జరిగింది. గోధుమది మళ్ళీ అరిచింది. ఆయన గడప పట్టుకుని లేచాడు. ఒక కాలు బయట పెట్టి ఆగాడు. రెండో కాలూ పెట్టాడు. ఎండలోకి నడిచి, వంగి, రెండు చేతులతో గంపను గరిక మీదుగా మెల్లగా నీడలోకి జరిపాడు. జరిపి, తిరిగి రాలేదు. అక్కడే గొంతుక్కూర్చుని, గంప సందులోంచి ఒక పోచ లోపలికి పెట్టాడు. నల్లది దాన్ని లాక్కుంది.

అమ్మమ్మ నడుము నొప్పి ఏమైందో మేం అడగలేదు. ఆమె తల ఎత్తలేదు, చేతులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. కాసేపటికి, చుట్టిన బీడీని చాటలో పెట్టి, అదే మెల్లటి గొంతుతో అంది: "ఇగ లోపటికి రా కొడుకా. ఇయ్యాలటికి గింతే సాలు. రేపు ఇంకింత సేపు."